నెంబరు బతికుండాలి, ఫోను తర్వాత సంగతి

 

పోస్టు పెద్దదే. ఓపికుంటే చివరిదాకా చదివి అప్పుడు తిట్టండి.

గత వారం మన గ్రూపులో ఒక అన్న రాశాడు. "అప్పు చేసైనా సరే ప్రతి ఆదివాసీ విద్యార్థి చేతిలో మంచి స్మార్ట్‌ఫోన్ ఉండాలి, లేకపోతే మైదానం పిల్లలతో పోటీ పడలేం" అని. చాలామంది జై కొట్టారు. నేనూ కొట్టాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆ అన్న చెప్పిన పని నేను రెండేళ్ల కిందటే చేశాను. దానికి రేటు కట్టింది నేను కాదు, మా చెల్లి.

మాది పెదబయలు మండలం. రోడ్డు నుంచి నాలుగు కిలోమీటర్లు లోపలికి. ఊళ్లో సిగ్నల్ ఉండదు, ఊరి పైన మెట్ట ఎక్కి పనస చెట్టు దగ్గర నిలబడితే ఒకటో రెండో గీతలు కనిపిస్తాయి. డిగ్రీకి విశాఖపట్నం వెళ్లిన కొత్తలో హాస్టల్లో అందరి దగ్గరా ఫోన్లు చూసి నాకూ కావాలనిపించింది. అబద్ధం ఎందుకు, చదువు కోసమని ఇంట్లో చెప్పాను కానీ సగం కెమెరా కోసమే. పదిహేను వేల ఫోను. మూడు వేలు ముందు కట్టి, మిగతాది నెలకు 1,150 చొప్పున పన్నెండు నెలలు. ఆ మూడు వేలూ అమ్మ కాఫీ పళ్లు కోసి, పల్పింగ్ చేసి, ఎండబెట్టి అమ్మిన డబ్బులు. అమ్మ అడిగింది, "ఏటి బాబూ, అందులో ఏటుంది అంత?" అని. "అన్నీ ఉంటాయమ్మా" అన్నాను.

ఆ మరుసటి వేసవిలో చెల్లి ఇంటర్ పాసైంది. డిగ్రీ అడ్మిషన్ అంతా ఆన్‌లైనే కదా. రిజిస్ట్రేషన్‌కు ఇచ్చింది అమ్మ నెంబరు, ఆధార్‌కు లింకు ఉన్నదీ అదే. అమ్మది బటన్ల ఫోను. నెలనెలా దానికి రీఛార్జి వేసేది నేనే. ఆ నెల కిస్తీ తేదీ, అమ్మ రీఛార్జి తేదీ ఒకేసారి వచ్చాయి. కిస్తీ కట్టకపోతే ఫోన్ లాక్ చేస్తామని మెసేజ్ వచ్చింది. కిస్తీ కట్టేశాను, అమ్మ నెంబరుకి తర్వాత వేద్దాంలే అనుకున్నాను. ముందు అవుట్‌గోయింగ్ ఆగింది, కొన్ని రోజులకు ఇన్‌కమింగ్ కూడా ఆగింది. చెల్లి మండలం దాకా నడిచి వెళ్లి ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుంది. ఓటీపీ రాలేదు. మళ్లీ పంపారు, రాలేదు. చీకటి పడుతుందని తిరిగి వచ్చేసింది. వెబ్ ఆప్షన్ల గడువు ఆ రోజే ఆఖరు. తర్వాతి విడతలో సీటొచ్చింది గాని హాస్టల్ లేని కాలేజీలో వచ్చింది. నాన్న పంపలేదు. ఆ ఏడు చెల్లి కాఫీ తోటలో కలుపు తీసింది.

పదిహేను వేల ఫోను నా చేతిలో ఉంది. చెల్లికి కావాల్సింది బటన్ల ఫోనులో వచ్చే ఆరంకెలు. అంతే.

ఇప్పుడు లెక్క చూద్దాం. పోటీ పడాలి అనే మాట అందరం అంటాం, లెక్క ఎవ్వరం వెయ్యం. ముందు కట్టిన 3,000, పన్నెండు కిస్తీలు 13,800, మొత్తం 16,800. ఇక రీఛార్జి. 2024 జులైలో రేట్లు పెంచినప్పుడు రోజుకు ఒకటిన్నర జీబీ వచ్చే ప్లాన్ 239 నుంచి 299కి పోయింది. అదీ నెలకు కాదు, 28 రోజులకు. ఈ 28 రోజుల తిరకాసు గమనించారా? ఏడాదికి పన్నెండు నెలలే, కానీ మనం కట్టేది పదమూడు సార్లు. 13 రీఛార్జిలు అంటే 3,887 రూపాయలు. రెండేళ్లకు 7,774. ఫోనూ రీఛార్జీ కలిపితే రెండేళ్లకు 24,574.

ఉపాధి హామీలో మన రాష్ట్రంలో 2025-26 రోజు కూలి 307 రూపాయలు. భాగించండి. ఎనభై రోజుల పని. ఒక కుటుంబానికి ఏడాదికి 100 రోజులు అని అప్పటి ఉపాధి హామీ చట్టంలో రాశారు, మనలో చాలా ఇళ్లకు అన్ని రోజులు దక్కలేదు కూడా. అంటే అమ్మానాన్న గోతులు తవ్విన ఏడాదిలో ముప్పాతిక వంతు పైగా నా జేబులో ఉన్న ఒక గాజు ముక్క. ఇందులో జీఎస్టీ వేరే కథ. 2020 ఏప్రిల్ నుంచి ఫోన్ల మీద పన్ను 12 నుంచి 18 శాతం చేశారు. పదిహేను వేల ఫోనులో సుమారు 2,290 రూపాయలు పన్నే. రీఛార్జి మీదా 18 శాతమే. ఆదివాసీలు పన్ను కట్టరు, ఉచితాలు తింటారు అని ఎవడైనా కూస్తే ఈ అంకెలు చూపించండి.

సరే, దీనికి బదులు మనకేం వచ్చింది? రాలేదని నేను అనను. అలా అనేవాళ్లు ఏజెన్సీలో ఒక్క రాత్రి గడపని వాళ్లు. నిండు గర్భిణిని డోలీలో మోసుకొస్తున్న వీడియో నలుగురికీ చేరితేనే కదా అధికారులు ఆ ఊరికి రోడ్డు లేదని ఒప్పుకునేది. కాగితం మీద పెట్టిన అర్జీ బీరువాలో ఉంటుంది, వీడియో ఉండదు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు జీవో నెం. 3 కొట్టేసినప్పుడు అందరం లాక్‌డౌన్‌లో ఊళ్లల్లో ఉన్నాం. షెడ్యూల్డ్ ప్రాంతంలో టీచర్ పోస్టులన్నీ మనకే అనే హక్కు పోయిందని నాకు తెలిసింది ఎవరో ఫార్వర్డ్ చేసిన మెసేజ్‌తోనే. గ్రూప్స్, డీఎస్సీ క్లాసులు ఫోన్లో విని ఉద్యోగం కొట్టిన అక్కలు ఈ గ్రూపులోనే ఉన్నారు. వాళ్ల కష్టాన్ని చిన్నబుచ్చను.

కానీ జాగ్రత్తగా చూడండి. డోలీ వీడియో తీయడానికి ఊరికి ఎన్ని ఫోన్లు కావాలి? ఒకటి. మా పెదనాన్న ఒకసారి మిరియాలు సంతకు తీసుకెళ్తే షావుకారు చెప్పిన రేటు మీద అనుమానం వచ్చి నాకు ఫోన్ చేశాడు. జీసీసీ రేటెంత, బయట రేటెంత నేను చూసి చెప్పాను. ఆయన బస్తా మళ్లీ భుజానికెత్తుకున్నాడు, షావుకారే వెనక్కి పిలిచి రేటు పెంచాడు. ఇక్కడ స్మార్ట్‌ఫోన్ నాది. కానీ పని జరిగింది ఆయన బటన్ల ఫోను వల్ల, ఆ నెంబరులో రీఛార్జి ఉండటం వల్ల. మేలు చేసిన చోటల్లా వెతికితే నాకు కనిపిస్తున్నది ఇదే. ఇంటికొకటి, కొన్నిచోట్ల ఊరికి నాలుగు చాలు. మనిషికొకటి కొన్న దగ్గర మాత్రం రీల్స్, ఐపీఎల్ బెట్టింగ్, లోన్ యాప్. బెట్టింగ్ యాప్‌లను రాష్ట్రం 2020లో నిషేధించింది, కేంద్రం 2025లో డబ్బు పెట్టి ఆడే ఆటలన్నిటి మీదా చట్టం తెచ్చింది. అయినా మన హాస్టళ్లలో ఎవరి ఫోన్లో ఏముందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. దీని మీద ఇంకో రోజు రాస్తాను, కొంతమంది పేర్లు గుర్తొచ్చి కోపమొస్తోంది.

ఇక రెండో వర్గం. "ఫోన్లు వచ్చి గిరిజన కుర్రాళ్లు చెడిపోయారు" అని ప్రతి మీటింగులో ప్రసంగించే పెద్దలు. అయ్యా, మాకు ఫోను కావాలని ముందు ఎవరన్నారు? మీరే. కరోనాలో బడులు మూసి ఆన్‌లైన్ క్లాసులు వినమన్నది ఎవరు? ఉపాధి పని దగ్గర హాజరు యాప్‌లో పడాలని, రోజుకు రెండుసార్లు ఫొటో తీయాలని 2023 జనవరి నుంచి దాదాపు అన్ని పనులకూ తప్పనిసరి చేసింది ఎవరు? ఆ ఫోను మేట్ సొంత ఫోను, డేటా మేట్ సొంత డేటా. ఆ మేట్ మన అక్కో చెల్లో. సిగ్నల్ లేని కొండ మీద ఫొటో తీసి, సిగ్నల్ ఉన్న చోటికి నడిచి ఎక్కించాలి. ఎక్కకపోతే కూలి పోయేది కూలీకి, తిట్లు పడేది మేట్‌కి. కేంద్ర స్కాలర్‌షిప్‌కు ముఖం స్కాన్ చేయాలి. రేషన్ కార్డుకు ఈకేవైసీ. అంగన్‌వాడీలో బాలింతకిచ్చే సరుకులకు కూడా ముఖం చూపించాలి. ఇన్నిటికీ ఫోను అడిగి, కొన్నాక చెడిపోయారంటే ఎలా?

ఫోను మనకు సోకు అన్నట్టు మాట్లాడుతున్నారు. సగం మంది ఇళ్లల్లో అది సోకు కాదు, కప్పం. ముఠాదారుల కాలంలో మన తాతలు కట్టిన దానికి, మనం 28 రోజులకోసారి కట్టేదానికి తేడా ఏమిటంటే, అప్పుడు వసూలుకు మనిషి గుమ్మంలోకి వచ్చేవాడు. ఇప్పుడు మనమే షాపుకెళ్లి కట్టి వస్తున్నాం.

మన అన్నకు నా జవాబు ఇదీ. స్మార్ట్‌ఫోన్ పెట్టిన ఖర్చుకు తగిందా అంటే, ఇంటికి ఒకటి, రొక్కం పెట్టి కొన్నది, నలుగురూ వాడుకునేది అయితే తగిందే. కిస్తీల మీద మనిషికొకటి అయితే తగలేదు, తగదు. మైదానం పిల్లాడికి ఫోను మీద ఫోను పోతే వాళ్ల నాన్న జీతంలోంచి పోతుంది. మనకు పోతే అమ్మ కాఫీ పోతుంది, చెల్లి సీటు పోతుంది. పోటీ అంటే వాడి చేతిలో ఉన్నది మన చేతిలోకి రావడం ఒక్కటే కాదన్నా.

స్మార్ట్‌ఫోన్ లేకపోతే గొంతు లేదు అనే మాట కూడా నిజం కాదు. ఛత్తీస్‌గఢ్‌లో 2010లో శుభ్రాంశు చౌదరి, ఆయన సహచరులు సీజీనెట్ స్వర మొదలుపెట్టారు. ఏ మామూలు ఫోను నుంచైనా కాల్ చేసి గోండిలోనో, హిందీలోనో మన సమస్య రికార్డు చేయొచ్చు, వేరేవాళ్లవి వినొచ్చు. చేతిపంపు పాడైందని, కూలి డబ్బులు రాలేదని చదువు రాని అక్కలు తమ మాటలోనే చెప్పారు. ఇంటర్నెట్ లేదు, టైపింగ్ లేదు. మనకు కువి ఉంది, ఆదివాసీ ఒడియా ఉంది, కోయ ఉంది. ఏ యాప్ తెరిచినా మా అమ్మ మాట అందులో దొరకదు. కాల్‌లో దొరుకుతుంది. డబ్బు పంపడానికి కూడా బటన్ల ఫోను మీద యూపీఐ పనిచేసేలా రిజర్వ్ బ్యాంక్ 2022 మార్చిలోనే 123పే తెచ్చింది. మన మండలాల్లో ఎన్ని బ్యాంకు బ్రాంచీల్లో ఎవరైనా ముసలమ్మను కూర్చోబెట్టి అది నేర్పారు?

అసలు కొట్లాడాల్సింది నెంబరు కోసం. చాలామందికి ఇది తెలియదు, కాబట్టి వివరంగా చెప్తాను. రీఛార్జి వేయకుండా, వాడకుండా మూడు నెలలు దాటితే కంపెనీ ఆ సిమ్‌ను ఆపేయొచ్చు. తర్వాత కొంతకాలానికి అదే నెంబరు ఇంకెవరికో అమ్ముతారు. మన ఆధార్‌కు, బ్యాంకు ఖాతాకు, జాబ్‌కార్డుకు లింకు ఉన్న నెంబరు ఏ ఊళ్లోనో ఎవరి చేతిలోనో ఉంటుంది. ఓటీపీలు వాళ్లకు పోతాయి. మళ్లీ మార్చుకోవాలంటే మనలో చాలామంది ఆధార్ సెంటర్‌కే వెళ్లాల్సి వస్తుంది. ఆటో చార్జీ, ఒక రోజు కూలి, సర్వర్ డౌన్ అంటే ఇంకో రోజు కూలి. మా ఊళ్లో ఇట్లా నెంబరు పోగొట్టుకున్న ఇళ్లు వేళ్ల మీద లెక్కపెడితే రెండు చేతులు చాలలేదు.

కాబట్టి కొత్త ఫోను కొనేముందు మీ ఇంట్లో ఆధార్‌కు లింకున్న నెంబరు బతికుందో లేదో ఇవాళే చూడండి. డేటా లేని, మాటలకే పనికొచ్చే ప్లాన్లు కచ్చితంగా పెట్టాలని ట్రాయ్ 2024 డిసెంబరులో ఆదేశించాక అలాంటివి వచ్చాయి. 84 రోజులకు 450 రూపాయలు, కొంచెం అటూ ఇటూ. షాపువాడు అడగందే చెప్పడు, వాడికి 299లు అమ్మడమే లాభం. అయినా ఏడాదికి రెండు వేలకు దగ్గర పడుతుంది, అది కూడా మా అమ్మకు భారమే. అందుకే అడగాల్సింది ఇది: ప్రభుత్వం ఓటీపీ అడిగే ప్రతి ఇంటికీ ఒక నెంబరు ఇన్‌కమింగ్ ఆగకుండా ప్రభుత్వ ఖర్చుతో ఉండాలి. మేట్లకు, అంగన్‌వాడీ అక్కలకు డ్యూటీ డేటా డబ్బులు వేరుగా ఇవ్వాలి. సిగ్నల్ లేని ఊరికి ఓటీపీ లేకుండా కాగితం మీద తీసుకునే దారి, గడువులో వారం సడలింపు ఉండాలి. 2022 జులైలో కేంద్రం 24,680 ఊళ్లకు 4జీ ఇస్తామని 26,316 కోట్లు ఆమోదించింది. టవర్ లేని ఊరికి టవర్ వచ్చేదాకా ఇన్‌కమింగ్ అయినా ఇవ్వడం వాళ్లకు పెద్ద ఖర్చేం కాదు.

అర్జీ రాశాను. పాడేరులో ఐటీడీఏ గ్రీవెన్స్‌కు పట్టుకెళ్దామని మా హాస్టల్ వాళ్లం పదకొండు మంది అనుకున్నాం. మీ ఊళ్లో నెంబరు పోయిన ఇళ్ల లెక్క, సిగ్నల్ కోసం ఎంత దూరం నడుస్తున్నారో రాసి పంపండి, అర్జీకి జత చేస్తాం. పేర్లు, ఆధార్ నెంబర్లు మాత్రం గ్రూపులో పెట్టొద్దు.

చెల్లి ఈ ఏడు మళ్లీ అప్లై చేస్తోంది. అమ్మ నెంబరుకి పొద్దున్నే 84 రోజులది వేశాను. నాది ఇంకో మూడు రోజుల్లో అయిపోతుంది, అప్పటిదాకా కామెంట్లకు జవాబిస్తాను.