వైద్యుని సమయ మెవరిది?

పల్లెకు వైద్యుడు రాడనుట పాత ఫిర్యాదు. వచ్చిన వైద్యుడు రోగికి దక్కకపోవుట నేటి చిక్కు.

భోర్ సంఘము 1946లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రములను సూచించినది. 1952లో సమాజ వికాస పథకముతో అవి దేశమున వెలయనారంభించినవి. మైదానమున 30,000 మందికి, కొండలయందును గిరిజన సీమలయందును 20,000 మందికి ఒక కేంద్రమని ప్రమాణము. 2016లో నాలుగు జిల్లాలైన పూర్వపు ఆదిలాబాదులోను, గోదావరి కావలనున్న కరీంనగరు సీమలోను పేదవాడు మొదట ఎక్కవలసిన గడప ఇదియే.

అచట వైద్యాధికారి రోగి చేయి పట్టుకొనునంతలో ఫోను మ్రోగును. పైవారికి అంకెలు కావలెను. క్షయరోగుల లెక్క ఒకచోట, గర్భిణుల లెక్క మరియొకచోట, మందుల నిల్వ వేరొకచోట నమోదు కావలెను. సమావేశములకు పోవలసినవాడును, సిబ్బంది కాగితములపై సంతకము చేయవలసినవాడును ఆయనయే. వానకాలమున జ్వరములు పెరిగినప్పుడే నివేదికలును పెరుగును.

ఉట్నూరు, జైనూరు, తిర్యాణి ప్రాంతములలో మరియొక కష్టము కలదు. గోండీయో, కొలామీయో తప్ప తెలియని తల్లి తన బిడ్డ బాధను తెలుగు వైద్యునికి చెప్పుకొనవలెనన్న నడుమ దుబాసి కావలెను. ఆ దుబాసి తరచు ఆరోగ్య కార్యకర్తయే. ఆమె రిజిస్టరు ముందు కూర్చున్నచో వైద్యుడెదుట నున్నను మాట సాగదు.

67 దేశముల సమాచారమును గాలించిన ఒక పరిశీలన 2017లో వెలువడినది. వైద్యుడు ఒక్కొక్క రోగికిచ్చు సగటు సమయము స్వీడనులో 22 నిమిషములకు పైగా ఉండగా బంగ్లాదేశములో 48 సెకండ్లు మాత్రమే. ప్రపంచ జనాభాలో సగము నివసించు 18 దేశములలో అది 5 నిమిషములు మించలేదు. ఇంత స్వల్పకాలమును ముక్కలు చేసిన రోగికి మిగులున దేమి?

లెక్కలే వలదనుట అవివేకము. మలేరియా ఏ గూడెమున తలయెత్తినదో అంకె చెప్పనిదే దోమల నివారణ సాగదు. కాని ఒక అంకెను ఒక్కమారే వ్రాయింపవచ్చును. వ్రాయుటకు గుమాస్తాను నియమింపవచ్చును. ఉదయము రోగులను చూచు వేళలో, అత్యవసరమైననే తప్ప, సమావేశమునకు గాని సమాధానమునకు గాని వైద్యుని పిలువరాదని ఆజ్ఞ వెలువరింపవచ్చును. దీనికి కోట్లు అక్కరలేదు.

ఇది వైద్యుని సౌఖ్యమునకై కోరునది కాదు. గూడెమునుండి నడచివచ్చిన కూలివాడు ఆనాటి కూలి వదలుకొని వచ్చుచున్నాడు. అతనికి సగము వినిన వైద్యుని మందుచీటి నిచ్చి పంపినచో మరల రావలసివచ్చును, లేదా రాకయే ఊరకుండును. ఆ రెండవదియే ప్రాణాంతకము.