నిన్నటి బ్రెడ్డు – ఇటలీ ఫలహారం

పిల్లలూ! మొన్న కొన్న బ్రెడ్డు ఇంట్లో మిగిలి ఉన్నదా? గట్టిపడింది గదా అని గేదె కుడితిలో వెయ్యనివ్వకండి. ఇటలీ రైతులు ఇటువంటి బ్రెడ్డునే నిప్పులమీద కాల్చి, వెల్లుల్లి రుద్ది, ఆలివ్ నూనె పోసి తింటారు. దాని పేరు బ్రుస్కెట్టా. ‘నిప్పులమీద కాల్చటం’ అనే మాటనుంచే ఆ పేరు పుట్టింది. గానుగనుంచి వచ్చిన కొత్త నూనె రుచి చూడటానికీ వాళ్ళకు ఇదే సాధనం. ఆవకాయ కలిపిన బేసినులో మీ అమ్మ వేడి అన్నం వేసి ముద్దలు పెట్టదూ, అట్లాంటిదే!

బ్రెడ్డు ఎందుకు గట్టిపడుతుంది? ఎండిపోయి అంటారు చాలామంది. అది సగమే నిజం. బ్రెడ్డు కాలేటప్పుడు పిండిపదార్థం నీటిని పీల్చి మెత్తబడుతుంది. చల్లారాక దాని అణువులు మెల్లగా బారులు తీరి బిగుసుకుంటాయి. రాత్రి అన్నం తెల్లవారేసరికి బిరుసెక్కేది ఇందుకే. ఫ్రిజ్‌లో ఈ పని మరింత త్వరగా జరుగుతుంది. మళ్ళీ వేడి తగిలితే ఆ బిగువు సడలుతుంది.

అయితే గట్టిపడటం వేరు, బూజు పట్టటం వేరు. మచ్చ కనబడిన చోట గిల్లి పారేస్తే చాలదు; బూజు దారాలు కంటికి కనబడకుండా లోపలికి పాకి ఉంటాయి. అటువంటి బ్రెడ్డు మొత్తం పారెయ్యవలసిందే.

ఇక పని మొదలు పెడదాం. రెండు టమాటాలు సన్నగా తరిగి, ఉప్పు కలిపి, చిల్లుల గిన్నెలో పది నిమిషాలు ఉంచండి. ఉప్పు టమాటాలో నీటిని బయటికి లాగుతుంది. ఆ నీరు అమ్మకిస్తే చారులో పోస్తుంది. ముక్కల్లో కొత్తిమీర, చెంచాడు నువ్వులనూనె కలపండి. ఇటలీవాళ్ళు వేసేది బేసిల్ ఆకు. అది మన తులసికి చుట్టం.

పొయ్యి దగ్గర పెద్దవాళ్ళుండాలి సుమా! పెనంమీద నూనె లేకుండా, సన్నని సెగన బ్రెడ్డు ముక్కలు కాల్చండి. మొదట ఆవిరి లేస్తుంది. తడి ఉన్నంతసేపూ ఆ పైభాగం 100 డిగ్రీల సెంటిగ్రేడు దాటదు, రంగూ మారదు. తడి ఆరిందా, వేడి పెరుగుతుంది. 140 డిగ్రీల ప్రాంతంలో చక్కెరలూ, మాంసకృత్తుల్లోని అమైనో ఆమ్లాలూ కలిసి ఎర్రని రంగు, కమ్మని వాసన పుట్టిస్తాయి. ఈ మార్పును 1912లో వివరించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మయార్. నల్లబడేదాకా ఉంచితే మాత్రం చేదే!

వేడి తగ్గకముందే వెల్లుల్లి రెబ్బ రుద్దండి. గరుకెక్కిన బ్రెడ్డు కోరాములాగా దాన్ని కోరేస్తుంది. టమాటా మాత్రం తినబోయే ముందే పెట్టాలి. బడినుంచి వచ్చాక తిందామని పొద్దున్నే పెట్టి పోతే, సాయంత్రానికి మిగిలేది ముద్దే.

పెదకాకాని పిల్లలకు ఇంత చప్పన ముద్ద దిగుతుందా? గుంటూరు కారం చిటికెడు చల్లండి. ఇటలీ దక్షిణాన కలాబ్రియావాళ్ళూ మిరపకాయ ప్రియులే. మిరపా, టమాటా రెండూ అమెరికా ఖండానివి. 1492లో కొలంబస్ అక్కడికి చేరిన తరవాతే సముద్రాలు దాటి వచ్చాయి. మిరపను మన దేశానికి తెచ్చినవారు పోర్చుగీసువారు. అంతకుముందు మన వంటల్లో ఘాటు మిరియాలది, అల్లానిది.

టమాటా లేనిరోజున గోంగూర పచ్చడి పల్చగా రాసి చూడండి. అప్పుడు వేరే ఉప్పు వెయ్యనక్కరలేదు.