ఫైనల్లో సొంతూరి గొంతు రేడియోలోనే!

1975 మార్చి 15న కౌలాలంపూర్‌లో ప్రపంచకప్ హాకీ ఫైనల్ జరిగింది. పాకిస్తాన్‌పై భారత్ 2-1తో గెలిచింది. ఆ మ్యాచ్‌ను మన దేశంలో జనం చూడలేదు, విన్నారు. ఆకాశవాణిలో జస్‌దేవ్ సింగ్ హిందీ కామెంటరీయే వాళ్లకు మైదానం.

ఇప్పుడు చేతిలో ఫోన్ ఉంది, అందులోనే మ్యాచ్ ఉంది. మరి రేడియోతో పనేంటి? దీనికి జవాబు అమెరికాలో మంచు మీద ఆడే హాకీలో దొరుకుతుంది.

అక్కడి నేషనల్ హాకీ లీగ్‌లో 32 జట్లున్నాయి. ఛాంపియన్‌కు దక్కేది స్టాన్లీ కప్. ఫైనల్ అంటే ఒక్క మ్యాచ్ కాదు. ఏడింటిలో ముందుగా నాలుగు గెలిచిన జట్టుదే కప్పు.

సీజన్‌లో ప్రతి జట్టు మ్యాచ్‌లను ఎక్కువగా దాని ప్రాంతీయ ఛానలే చూపిస్తుంది. ప్లేఆఫ్స్ మొదలయ్యాక ఆ అవకాశం మొదటి రౌండ్ వరకే. రెండో రౌండ్ నుంచి అమెరికాలో ప్రసార హక్కు పూర్తిగా జాతీయ ఛానళ్లదే. అంటే అక్టోబర్ నుంచి జట్టు వెంట ఉన్న సొంతూరి కామెంటేటర్లు, సరిగ్గా కప్పు దగ్గరపడే వేళకు టీవీలో మాయమవుతారు. జాతీయ ఛానల్ వాళ్లు రెండు జట్లనూ సమానంగా చూడాలి. తప్పు కాదు, అది వాళ్ల డ్యూటీ. కానీ ఆ ఊరి వాళ్లకు కావాల్సింది అది కాదు కదా!

రేడియోకు ఈ అడ్డు లేదు. ఫైనల్ చివరి సెకను దాకా స్థానిక స్టేషన్ తన జట్టు మ్యాచ్‌ను వినిపించవచ్చు. అందుకే కొందరు టీవీ సౌండ్ తగ్గించి, బొమ్మ అక్కడ చూస్తూ మాట రేడియోలో వింటారు. క్యాబ్ నడిపేవాళ్లకు, నైట్ షిఫ్ట్ వాళ్లకు ఎలాగూ రేడియోనే దిక్కు. సబ్‌స్క్రిప్షన్ అక్కర్లేదు, డేటా అక్కర్లేదు.

అయితే ఈ ఆసరా కూడా సన్నబడుతోంది. కరోలినా హరికేన్స్ గొంతుగా 1979 నుంచి, అంటే ఆ జట్టు హార్ట్‌ఫర్డ్‌లో ఉన్నప్పటి నుంచి పనిచేసిన చక్ కేటన్ 2018లో తప్పుకున్నారు. ఆ తర్వాత టీవీ మాటనే రేడియోలోనూ వేశారు. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే బే ఏరియాలో శాన్ హోసే షార్క్స్ 2021లో మామూలు రేడియోను వదిలి ఇంటర్నెట్ ఆడియోకు మారింది.

ఖర్చు తగ్గిందన్నది నిజమే. కానీ టీవీ కామెంటేటర్ బొమ్మను నమ్ముకుని కాసేపు ఊరుకోవచ్చు. రేడియోలో ఊరుకుంటే ఆటే ఆగిపోయినట్టు. పక్ ఎవరి దగ్గరుంది, ఏ వైపు పోతోంది, ప్రతి క్షణం చెప్పాలి. ఒక మాటను రెండు చోట్లా వాడితే నష్టపోయేది వినేవాడే. ఇక ఇంటర్నెట్ ఆడియో ఆలస్యంగా వస్తుంది. పక్కింట్లో కేకలు ముందు, మనకు గోల్ తర్వాత!

ఇది మనకు దూరపు సంగతి కాదు. 2025 ఫిబ్రవరి 1న రూర్కెలాలో జరిగిన హాకీ ఇండియా లీగ్ ఫైనల్లో మన హైదరాబాద్ టూఫాన్స్ 3-4 తేడాతో ఓడింది. జట్టు పేరులో హైదరాబాద్ ఉంటే చాలదు. ఆ ఆటను తెలుగులో, ఉర్దూలో చెప్పే గొంతు కూడా ఉండాలి. రెండు భాషల్లోనూ అలవాటున్న ఆకాశవాణి హైదరాబాద్ మన దగ్గరే ఉంది. టూఫాన్స్ మళ్లీ ఫైనల్ చేరేలోపే ఈ మాట అడగాల్సింది మనమే.