ప్రతినిధి ముతవల్లీయే, యజమాని కాడు

ప్రజాస్వామ్యంలో రాజీ దానంతట అదే పాపం కాదు. భిన్నాభిప్రాయాలు గలవారు కలిసి పాలించవలసినచోట ఇచ్చిపుచ్చుకోవడం అనివార్యం. అయితే నాయకుడు వదులుకుంటున్నది ఎవరి సొత్తు? ఈ ప్రశ్న అడిగే హక్కు మనకున్నది.

వక్ఫ్ ఆస్తికి ముతవల్లీ సంరక్షకుడే గాని యజమాని కాడు. దానిని అమ్ముకొనే అధికారం అతనికి లేదు. ప్రజాప్రతినిధి స్థితి కూడా ఇదే. మన ఓటు అతని చేతిలో అమానత్. తన పదవిని, తన పార్టీ వాటాను అతడు వదులుకోవచ్చు. మన హక్కును బేరం పెట్టే అధికారం అతనికి ఎవరూ ఇవ్వలేదు.

2025 ఏప్రిల్ 3న, అర్ధరాత్రి దాటిన తరువాత, వక్ఫ్ సవరణ బిల్లు లోక్‌సభలో 288-232 ఓట్లతో నెగ్గింది. సొంత మెజారిటీ లేని బీజేపీకి తెలుగుదేశం, జేడీయూ అండగా నిలిచాయి. కొన్ని మార్పులు చేయించామని తెలుగుదేశం చెప్పుకున్నది. కాని వక్ఫ్ బోర్డులలో ముస్లిమేతరులను నియమించే నిబంధన అలాగే మిగిలింది. ఆ చట్టంలోని కొన్ని నిబంధనలను సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు నిలిపివేయవలసి వచ్చింది. నాయకులు సభలో చేయవలసిన పని న్యాయస్థానం మీద పడింది.

ఇది ఒక్క పార్టీ కథ కాదు. ఈ బిల్లును వ్యతిరేకించిన వైఎస్సార్ కాంగ్రెస్, 2019లో పౌరసత్వ సవరణ బిల్లుకు ఓటు వేసింది. 2002లో గుజరాత్ మారణకాండ అనంతరం తెలుగుదేశం మోదీని తొలగించాలని కోరింది. లోక్‌సభలో ఓటింగు వచ్చేసరికి దూరంగా ఉండిపోయింది. అప్పుడు రాంవిలాస్ పాశ్వాన్ కేంద్ర మంత్రి పదవికి రాజీనామా చేశారు. ఆయనే 2014లో తిరిగి అదే కూటమిలో చేరారు. రాజీనామా ఒకనాటి పని, నియమానికి కట్టుబడడం జీవితకాలపు పని.

కనుక ఇఫ్తార్ విందులను, టోపీలు ధరించిన ఫొటోలను కొలమానంగా తీసుకోవడం మానుదాం. ఎన్నికలకు ముందే రాతపూర్వక హామీ అడుగుదాం. ఏ బిల్లుకు ఎటు ఓటు వేశారో ప్రతి మొహల్లాలో లెక్క చెప్పమందాం.

ఇదే తూనికరాయి మన ఇంటివారికీ వర్తించాలి. వక్ఫ్ భూములను కారుచౌకగా అన్యుల పాలు చేసిన ముతవల్లీలు మనలోనే ఉన్నారు. వారిని చూసి మౌనం వహించినవారు పార్లమెంటును నిలదీస్తే ఆ గొంతుకు బలముండదు. అమానత్ ఎవరి చేతిలో ఉన్నా అమానతే.