పద్దు పుస్తకం చెప్పిన కార్డు

పోయినసారి మన సంఘం సమావేశంలో భోజనాల దగ్గర ఒకావిడ నన్నడిగారు, "ఏమండీ, క్యాష్‌బ్యాక్ కార్డుల్లో ఏది మంచిది?" అని. ఆ విషయంలో ఒకటికి రెండుసార్లు చేతులు కాల్చుకున్నదాన్ని. అందుకే ఈసారి ఆ సంగతే రాస్తున్నాను.

రెండేళ్ల క్రితం మా అబ్బాయి, "అమ్మా, 5 శాతం వెనక్కిస్తారు" అంటూ ఒక కార్డు ఇప్పించాడు. నూటికి అయిదు రూపాయలు తిరిగొస్తాయంటే ఎవరికి చేదు! ఏడాది తిరిగాక పద్దు పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. ఆ 5 శాతం ఆన్‌లైన్‌లో కొన్నవాటికే. దుకాణంలో కార్డు గీస్తే 1 శాతం. కరెంటు, గ్యాసు, పెట్రోలుకు అసలే లేదు. మేము ఆన్‌లైన్‌లో కొనేది నెలకు 1,500. దానికి 75 రూపాయలు. మందుల షాపులో 2,000, దానికి 20. వెరసి ఏడాదికి 1,140. ఇక వార్షిక రుసుము 999, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపి 1,179. అంటే ఎదురు 39 రూపాయలు మేమే ఇచ్చుకున్నాం!

మావారు నవ్వి, "అబ్బాయి చెప్పులు నువ్వు తొడుక్కున్నావు" అన్నారు. నిజమే. వాడు ఉప్పు దగ్గర్నుంచి ఆన్‌లైన్‌లోనే తెప్పిస్తాడు. మా ఖర్చు దారి వేరు.

అప్పుడు మూడు నెలల పద్దులు విడదీశాను. అన్నిటికంటే పెద్దది కిరాణా, కూరగాయలు: నెలకు 9,000. అదంతా ఫోనుతో స్కాన్ చేసి ఇచ్చేదే. 2022 నుంచి రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలుపుకునే వీలుంది. అలా చెల్లించినా క్యాష్‌బ్యాక్ ఇచ్చే, వార్షిక రుసుము లేని కార్డు తీసుకున్నాను. ఇచ్చేది 1 శాతమే. అయినా కిరాణా, మందులు, ఆన్‌లైన్ కలిపి నెలకు 12,500 మీద 125. ఏడాదికి 1,500 రూపాయలు. పాత కార్డు మూసేయమన్నాను. బకాయి లేకపోతే 7 పని దినాల్లో మూయాలని, ఆలస్యమైతే రోజుకు 500 రూపాయలు మనకివ్వాలని రిజర్వు బ్యాంకు 2022లో నియమం పెట్టింది.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. పోయిన దసరాకు బట్టలు, పెట్టుపోతలు కలిసి బిల్లు 40,000 అయింది. "కనీస మొత్తం 2,000" అని కనబడితే అదే కట్టి ఊరుకున్నాను. మిగతా 38,000 మీద నెలకు 3.5 శాతం లెక్కన వడ్డీ 1,330. దానిపై జీఎస్టీ 239. అదీ తక్కువలో తక్కువ లెక్క. బాకీ ఉండగా కొన్న కొత్త సరుకుకు కూడా కొన్నరోజు నుంచే వడ్డీ పడుతుంది. ఏడాది కూడబెట్టింది ఒక్క నెలలో తుడిచిపెట్టుకుపోయింది. మావారికి చెప్పడానికి వారం రోజులు మొహం చెల్లలేదు.

ఈ వడ్డీ ఏడాదికి 30 శాతం దాటరాదని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ చెప్పిన తీర్పును 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. కాబట్టి మన జాగ్రత్తే మనకు రక్ష.

ఆవిడకు నేను చెప్పిందిదే: ముందు మీ పద్దు పుస్తకం తీయండి. ఎక్కువ ఖర్చు ఎక్కడో చూడండి. దానికి క్యాష్‌బ్యాక్ ఉందా, నెలకు ఎంతకు మించి ఇవ్వరు, రుసుమెంత అని అడగండి. నెల తిరిగేసరికి బిల్లు పూర్తిగా కట్టలేమనిపిస్తే మాత్రం ఏ కార్డూ మంచిది కాదు.