భాస్వరం నేలలోనే ఉంది

తొలకరికి ముందు డీఏపీ కోసం రైతులు సొసైటీ గోదాముల దగ్గర చెప్పులు వరుసలో పెట్టి పడిగాపులు కాయడం ఏటా చూస్తున్నాం. ఎన్ని టన్నులు తెప్పించామో చెప్పడంతో ప్రభుత్వాల బాధ్యత తీరిపోతోంది. ఇన్నేళ్లుగా వేసిన భాస్వరం ఏమైందని మాత్రం ఎవరూ అడగడం లేదు.

యాభై కిలోల డీఏపీ బస్తాలో ఎరువుల లెక్కన 23 కిలోల భాస్వరం ఉంటుంది. మూలకంగా చూస్తే పది కిలోలు. వేసిన ఏడాది పైరుకు అందేది సాధారణంగా అందులో నాలుగో వంతు లోపే. మిగిలింది ఎర్రనేలల్లో ఇనుము, అల్యూమినియంతో, నల్లరేగళ్లలో సున్నంతో కలిసి బిగుసుకుపోతుంది. యూరియాలోని నత్రజనిలా గాలిలో కలవదు. అలా పేరుకున్నది మితిమీరితే పైరుకు జింకు అందదని శాస్త్రవేత్తలు మొత్తుకుంటున్నా, బస్తా మీద బస్తా పడుతూనే ఉంది.

అలా నేలలో బిగిసిన భాస్వరాన్ని వెలికితీసే దారుల్లో ఒకటి మన పటాన్‌చెరులోనే తేలింది. కంది వేళ్లు వదిలే పిసిడిక్ ఆమ్లం ఇనుము పట్టులోని భాస్వరాన్ని విడిపిస్తుందని ఇక్రిశాట్‌లో జరిగిన పరిశోధన 1990లో ‘సైన్స్’ పత్రికలో వెలువడింది. ఎర్ర చెలకల్లో జొన్నతో కంది కలిపి వేసిన మన పెద్దల సేద్యానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఏం కావాలి? గట్ల మీది గిరిపుష్పం, కానుగ కొమ్మలు కొట్టి సాళ్ల మధ్య పరిచినా మేలు జరుగుతుంది. నేలలో భాస్వరం వేరు వైపు కదిలేది మిల్లీమీటర్ల దూరమే, అదీ తడి ఉంటేనే. ఆకు ఆ తడిని కాపాడుతుంది. అది కుళ్లేటప్పుడు పుట్టే ఆమ్లాలు ఇనుము పట్టును కొంత సడలిస్తాయి.

అయితే ఆకు భాస్వరాన్ని పుట్టించదు. టన్ను ఎండిన గిరిపుష్పం ఆకులో నత్రజని 25 కిలోలకు పైనే ఉన్నా, భాస్వరం రెండు కిలోల చుట్టుపక్కలే. ఒక్క డీఏపీ బస్తాకు సాటి రావాలంటే అయిదు టన్నుల ఎండాకు కావాలి. పైగా చెట్టు తెచ్చేదీ ఆ నేలలోదే. పశ్చిమ కెన్యాలోని బీద నేలల్లో టిథోనియా అనే పొద ఆకు వేసి చూసిన శాస్త్రవేత్తలు కూడా దానికి తోడు భాస్వరపు ఎరువు ఉండాలనే చెప్పారు. పరీక్షలో భాస్వరం నిజంగా తక్కువని తేలిన పొలానికి ఎరువు వేయాల్సిందే. ప్రకృతి సేద్యం పేరు చెప్పి ఆ రైతు చేత మాన్పించడం అన్యాయం.

భూసార కార్డులు 2015లోనే వచ్చాయి. వాటిలోని భాస్వరం అంకె చూడకుండా డీఏపీ అమ్మే పద్ధతి ఇక ఆగాలి. అంకె ఎక్కువున్న చోట మోతాదు తగ్గించమని రైతుకు సిఫారసు చేసి, అలా మిగిలే సబ్సిడీని కంది విత్తనానికి, గట్టు మొక్కలకు, అన్నిటికన్నా ముందు ఆకు కోత కూలికి మళ్లించాలి. ఆకు ఎరువు ఊళ్లలో నిలవకపోవడానికి అసలు కారణం ఆ కూలి ఖర్చే. కౌలు రైతుకైతే గట్టు మీద మొక్క నాటే హక్కే లేదు. ఏడాది కౌలు మీద బతికేవాడు మూడేళ్లకు ఆకునిచ్చే చెట్టును ఏ ధీమాతో పెంచుతాడు? పంచాయతీ పోరంబోకుల్లో, చెరువు కట్టల మీద ఉపాధి హామీ కింద గిరిపుష్పం పెంచి, దాని కోతలో మొదటి వాటా కౌలు రైతులకే ఇవ్వాలి.