ఆకులా ఉంటుంది.. ఆరగించేస్తుంది!

దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్‌లలో ఏ అక్వేరియం దుకాణం ముందు ఆగినా రంగులే రంగులు. నారింజ వన్నె గోల్డ్‌ఫిష్, విసనకర్ర లాంటి తోకతో గప్పీ, నీలాల ఫైటర్.. ‘నాన్నా, అది కొనిపెట్టు’ అంటూ పిల్లలు వేలు చూపించేది వాటినే. గాజుతొట్టెలో మెరిసిన చేపకే గిరాకీ. కానీ మన చెరువుల్లో బతికే ఓ చిన్న చేప తీరు ఇందుకు పూర్తిగా తలకిందులు. ఎవరి కంటా పడకపోవడమే దాని విద్య!

అదే ఆకుచేప. శాస్త్రీయ నామం నాండస్ నాండస్. గంగానది చేపల మీద 1822లో పుస్తకం వెలువరించిన ఫ్రాన్సిస్ హామిల్టన్ దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. పాకిస్థాన్ నుంచి మయన్మార్ దాకా చెరువులు, కాలువలు, నీళ్లు నిలిచిన పొలాలే దీని ఊళ్లు. ఎంత పెరిగినా జానెడు దాటదు. పక్కల నుంచి నొక్కినట్టుండే పలచని ఒళ్లు, దాని మీద గోధుమ, ఆకుపచ్చ మరకలు. నాచు మధ్యన కదలకుండా నిలబడిందంటే కుళ్లిన ఆకేదో తేలుతోందని అనుకోవాల్సిందే.

పాపం, అలాగే అనుకుని దగ్గరికొచ్చిన చిన్న చేప పని అంతే! ఆకుచేప వెంటపడి వేటాడదు. ఓపిగ్గా కాచుకుంటుంది. ఆహారం అందేంత దూరంలోకి రాగానే మడతపెట్టినట్టుండే దవడలు గొట్టంలా ముందుకు సాగుతాయి. నీళ్లతో పాటు చేపపిల్ల కూడా లోపలికి! రెప్పపాటులో అంతా అయిపోతుంది. మళ్లీ ఆకు ఆకే. నీటి పురుగులు, రొయ్యపిల్లలు కూడా దీనికి విందే.

ఈ వేషం ఒక్క మన చేపకే పరిమితం కాదు. దక్షిణ అమెరికాలోని అమెజాన్ ఆకుచేప ఇంకో రెండాకులు ఎక్కువే చదివింది. గడ్డం కింద తొడిమ లాంటి పోగు, ఎండుటాకు రంగు ఒళ్లు. తల కిందికి వంచి ప్రవాహంలో కొట్టుకుపోతున్నట్టు నటిస్తుంది. ఈదడానికి ఆడించే రెక్కలేమో గాజులా పారదర్శకం. విచిత్రమేమిటంటే ఈ రెండూ ఒక కుటుంబానివి కావు. వేర్వేరు ఖండాల్లో ఉంటూ ఒకే ఎత్తు నేర్చుకున్నాయి.

అయితే ఆకులా మారాలంటే చుట్టూ ఆకులుండాలి కదా! అసలు చిక్కంతా అక్కడే. కుతుబ్‌షాహీల కాలం నాటి సరూర్‌నగర్ చెరువునే చూడండి. ఒకప్పుడు పొలాలకు నీళ్లిచ్చిన ఆ చెరువు చుట్టూ ఇప్పుడు కాలనీలే. నగరంలో చాలా చెరువులది ఇదే కథ. మురుగు చేరితే గుర్రపుడెక్క అల్లుకుపోయి చేపలకు ఊపిరాడదు. దాన్ని తీసేయాల్సిందే. కానీ అందం కోసమని ఒడ్డు పొడవునా రాళ్లు పరిచి తుంగ, నాచు మొత్తం పీకేస్తే ఆకుచేపకు దాక్కునే చోటే మిగలదు. నున్నటి ఒడ్డున ఆకు వేషం వేసి లాభమేంటి?

కొరమీనుకు తెలంగాణ రాష్ట్ర చేప హోదా ఉంది. బొచ్చె, రోహు పిల్లల్ని లెక్కపెట్టి మరీ చెరువుల్లో వదులుతారు. ఆకుచేపను వదిలేవాళ్లూ లేరు, లెక్కపెట్టేవాళ్లూ లేరు. శత్రువు కంట పడకుండా దాన్ని కాపాడిన విద్యే మన కంట కూడా పడనీయడం లేదు. అది లేకుండా పోయినా తెలిసేది ఎవరికి?

ఈసారి చెరువు గట్టున నడిచేటప్పుడు ఒడ్డునున్న తుంగను ‘చెత్త’ అనకండి. అందులో తేలుతున్న ఆకుల్లో ఏదో ఒకటి మిమ్మల్నే చూస్తుండొచ్చు!